మూడోసారి అడిగినప్పుడు

తమ్ముడూ,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ అమెరికాలో మద్యనిషేధం రోజుల్లో విస్కీ అమ్మి నిజంగానే పట్టుబడ్డ సోరెల్స్‌ని ఏ పాపమూ ఎరగనివాడిగా చేసిన చోట కోపం వచ్చింది.

1930 జూలై 13, ఆదివారం. నార్త్ కరొలైనాలో కాంటన్ దగ్గర అతనిల్లు. ఊళ్లోవాళ్లను వెంటబెట్టుకుని, టూరిస్టునంటూ మద్యనిషేధం అమలుచేసే ప్రభుత్వ ఏజెంటు వస్తాడు. మందు దొరుకుతుందా అంటాడు. లేదు. మళ్లీ అడుగుతాడు. లేదు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం కబుర్లు. ఇద్దరూ అమెరికా సైన్యం 30వ డివిజన్‌లో చేసినవాళ్లే. ఆ కబుర్లయ్యాక మళ్లీ అడిగితే సోరెల్స్ లేచి వెళ్లి, కాసేపటికి అర గ్యాలన్ విస్కీతో వచ్చాడు. 5 డాలర్లు పుచ్చుకున్నాడు. 18 నెలల శిక్ష పడింది.

ఇదంతా నాలుగు వాక్యాల్లో తేల్చేసి, లాయరు ఉపన్యాసానికి మూడు పేజీలిచ్చావు! రెండో 'లేదు'కీ, అతను కుర్చీలోంచి లేవడానికీ మధ్యే కదా కథంతా ఉంది. సుప్రీంకోర్టు తడిమిందీ అక్కడే: ఆ బుద్ధి అతనిలో ముందే ఉందా, ఏజెంటు పుట్టించాడా?

అతను దొంగసారా రవాణా చేస్తాడని ఊళ్లో పేరుందని సాక్షులు చెప్పారు. నువ్వది దాచేశావు. మన దగ్గర మద్యనిషేధం నడుస్తున్న 1996లో, సీసాలతో దొరికిన ఒక ఆటోడ్రైవరు మీద నేనూ కథ రాశాను. అతను అంతకుముందూ అమ్మాడని ఒక్క వాక్యం ఉండేది. పాఠకుడికి జాలి తగ్గుతుందని సంపాదకుడు దాన్ని కొట్టేసి అచ్చేశాడు. ఆ సంచిక బీరువాలోనే ఉంది. తెరవబుద్ధి కాదు. మచ్చ ఉన్న మనిషిని కూడా వల పన్ని పట్టకూడదని చెప్పలేకపోతే ఈ కథ ఎందుకు రాయడం?

ఇంకోటి. దీన్ని కుట్ర కేసన్నావు. కాదు, విస్కీ ఉంచుకోవడం, అమ్మడం, అంతే. కుట్ర కేసు సియాటిల్‌లో దొంగసారా వ్యాపారి ఓల్మ్‌స్టెడ్ మీద నడిచింది, ఫోన్లు చాటుగా విని. నీ చివరి పేజీలో సోరెల్స్ నిర్దోషిగా ఇల్లు చేరతాడు. 1932 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ తీర్పు అలా అనలేదు. వల పన్నారన్న వాదనను జ్యూరీ ముందుకు రానివ్వకపోవడం తప్పని శిక్ష రద్దుచేసి, కేసు వెనక్కి పంపింది. వల పన్నారా లేదా తేల్చడం జ్యూరీ పనే కాదు, ఇలాంటి కేసును కోర్టే గడప తొక్కనివ్వకూడదన్నాడు అదే కోర్టులోని జస్టిస్ రాబర్ట్స్. నా మనసు ఆయన వైపే.

కథను ఏ పత్రికకు పంపాలన్న సంగతి మరోసారి మాట్లాడుకుందాం. ముందు ఆ ఆదివారం మళ్లీ రాయి. అతను విస్కీ కోసం వెళ్లిన ఆ కాసేపూ టూరిస్టు వరండాలో ఎవరితో ఏం మాట్లాడుతూ కూర్చున్నాడో రాసి పంపు.

నీ అన్నయ్య