రంగూన్‌లో నీ హవల్దారు ఎవర్ని పొడిచాడు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివి చిరాకేసి బల్ల మీద పడేశాను. రాత్రి నిద్ర పట్టక లేచి, లైటేసుకుని మళ్లీ అదే తీశాను. ముందు చిరాకు సంగతి చెప్తాను.

1945 మే 2న బ్రిటిష్ ఇండియా సైన్యంలోని నీ తెలుగు హవల్దారు సూలే పగోడా ముందు జపాన్ ఆఫీసర్‌ని బాయ్‌నెట్‌తో పొడిచాడు. పేజీన్నర పొడిచాడు. కానీ నాయనా, అప్పటికి ఆ ఊళ్లో పొడవడానికి జపాన్ సైన్యం ఉంటే కదా! బర్మాలోని జపాన్ సేనాపతి కిమురా తన బలగాన్ని ఏప్రిల్ ఆఖర్లోనే మౌల్మీన్ వైపు లాగేశాడు. రంగూన్ జైల్లో మిగిలిన యుద్ధఖైదీలు 'జపాన్‌వాళ్లు పోయారు' అని కప్పు మీద పెద్దక్షరాలతో రాశారు. పైన తిరిగే పైలట్లు అది శత్రువు ఎత్తేమో అనుకుంటారని, త్వరగా రండెహె అన్న అర్థం వచ్చే బ్యారక్ మోటు మాట ఇంకోటి తగిలించారు. చివరికి సాండర్స్ అనే బ్రిటిష్ వింగ్ కమాండర్ ఊరి పక్కనున్న మింగలడాన్‌లో గుంతలు పడ్డ రన్‌వే మీద విమానం దింపి, దాన్ని పాడు చేసుకుని, నడిచి జైలు దాకా వెళ్లాడు. అక్కణ్ణించి సంపాన్ పడవెక్కి నది దిగువకి పోయి, వస్తున్న మనవాళ్లకి ఊరు ఖాళీ అని కబురు చెప్పాడు. ఇంత తమాషా చరిత్రే ఉచితంగా ఇస్తే, నువ్వు బాయ్‌నెట్ పట్టుకున్నావు.

రంగూన్ మీద సముద్రం వైపు నుంచి చేసిన ఈ దాడికి 'ఆపరేషన్ డ్రాక్యులా' అన్న పేరు చూసి నెత్తురు ఉండాల్సిందే అనుకున్నట్టున్నావు. ముందు రోజు, రంగూన్ నది మొగలో ఉన్న ఎలిఫెంట్ పాయింట్ దగ్గర కొంత కారింది. అక్కడున్న జపాన్‌వాళ్లు నలభై మంది కూడా లేరు. పారాచూట్లతో దిగిన గూర్ఖాల మీద పొరపాటున మిత్రపక్షం బాంబులే పడ్డాయి. మిగతాదంతా వాన. ఉత్తరం నుంచి పరుగెత్తుకొచ్చిన బ్రిటిష్ జనరల్ స్లిమ్ సేన పెగూ ఊరి దగ్గర బురదలో దిగబడిపోయింది.

లేని యుద్ధాన్ని తెచ్చిపెట్టడం నాకు ఒంటికి పడదు. కారణం ఉంది. 1942లో మా తాతయ్య రంగూన్ నుంచి టౌంగప్ కనుమ మీదుగా నడిచి, ఎలాగో కాకినాడ చేరాడు. ఆ దారిలో జనం కలరాతో రాలిపోయారు. అది కథ రాసి పంపిస్తే ఓ సంపాదకుడు "క్లైమాక్స్ ఏదండీ?" అన్నాడు. నాకు ఇరవై రెండేళ్లు, అచ్చులో పేరు చూసుకోవాలన్న కక్కుర్తి. పులిని పెట్టాను. బొమ్మతో సహా వేశారు. మామ్మ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "పులెక్కడిదిరా? చెంబులో నీళ్లుంచుకుని, అడిగినవాళ్లకి లేవన్నానని మీ తాత పోయేదాకా ఏడ్చాడు" అంది. ఆ చెంబు సంగతి నేను ఎప్పుడూ అడగలేదు. ఈ సంపాదకులు మాత్రం మారలేదు. అప్పుడు క్లైమాక్స్, ఇప్పుడు ట్విస్టు.

రాత్రి లేచింది నీ ఆరో పేజీ కోసం. ఇల్లు కారుతుంటే బకెట్ పెట్టి, విలువ పోయిన జపాన్ రూపాయి నోట్లతో పొయ్యి అంటించుకుంటున్న ఆ వితంతువు. రెండే వాక్యాలు రాసి ఆవిణ్ణి వదిలేశావు! ఆ రోజుల్లో ఆవిడ వీధికి కాపలా ఎవరు? నేతాజీ ఏప్రిల్ 24న ఊరు వదిలి వెళ్తూ, భారతీయుల ఇళ్లు దోపిడీ కాకుండా చూడమని తన సేనాధికారి లోకనాథన్ చేతికింద వేలమంది ఆజాద్ హింద్ ఫౌజ్ సిపాయిల్ని ఉంచాడు. నీ హవల్దారు పడవ దిగి చేసే మొదటి పని ఆ కాపలావాడి తుపాకీ లాక్కోవడం. ఇద్దరూ మనవాళ్లే. ఒకవేళ ఇద్దరూ ఒకే తాలూకా వాళ్లయితే? నిన్నటిదాకా తన గుమ్మం కాచినవాణ్ణి ఖైదీగా తీసుకుపోతుంటే, ఆవిడ వచ్చినవాడికి మంచినీళ్లు ఇస్తుందా, పోయేవాడికి ఇస్తుందా? విముక్తి అని పేరు పెట్టావు కదా కథకి, అది ఆవిణ్ణి అడిగి పెట్టావా?

కలం పేరు గురించి అడిగావు, తర్వాత చూద్దాం.

ఇంకో సంగతి. నోట్లు వీధిలో ఏరుకొచ్చిందని రాశావు. బయట కుండపోత. తడిసిన నోట్లు ఎలా అంటుకున్నాయి? ఎక్కడ ఆరబెట్టింది, ఎన్నాళ్లు ఆరబెట్టింది, ఆరుతుంటే లెక్కపెట్టిందా? అది రాసి పంపు.

మీ
మాస్టారు