నెట్‌వర్క్ అనాలిసిస్ కోర్సుకు లక్షన్నర పెట్టొచ్చా?

గాజువాక నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లలో దాగి ఉన్న గుంపుల్ని నెట్‌వర్క్ అనాలిసిస్‌తో బయటపెట్టే పని నేర్చుకుంటానంటోంది. ద్వారకానగర్‌లో ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. అది మేలా, ఎమ్మెస్సీయా? మా తమ్ముడి కొడుకు అప్పుడే సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయాడు.

అసలు బెంగ ఆ చివరి మాటలో ఉందండీ. తమ్ముడి కొడుకు జీతంతో కూతురి చదువును కొలవడం ముందు మానండి. మీ అమ్మాయి ఎక్కడా వెనకబడలేదు. ఫలానా పనే నేర్చుకుంటానని చెప్పగలగడం ఆ వయసులో చిన్న సంగతి కాదు.

నా అనుమానమల్లా ఆ కోర్సు మీదే. ఒకే వస్తువు కొన్న ఇద్దరి మధ్య గీత గీస్తారు. గీతలు దట్టంగా ఉన్నచోట గుంపు ఉందంటారు. ఆ గుంపుల్ని విడదీసే లూవాన్ పద్ధతి 2008లో, దాని లోపాన్ని సరిదిద్దిన లైడెన్ పద్ధతి 2019లో వచ్చాయి. రెండూ ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. రంగురంగుల బొమ్మ ఎవరైనా తెప్పిస్తారు. అది నిజమో కాదో తేల్చడమే కష్టం. వెయ్యిమంది కొన్న ఒక్క వస్తువు 4,99,500 గీతలు పుట్టిస్తుంది, ఊరంతా చుట్టాలైపోతారు! అందుకే అందరూ కొనేవాటి వల్ల పుట్టిన గీతలకు లెక్కలో విలువ తగ్గించాలి.

ఫీజు కట్టేముందు ఇదే పని ఒక ప్రాజెక్టుగా ఇంట్లోనే చేయించండి. అమెరికాలోని యూసీఐ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్) వారి 'ఆన్‌లైన్ రిటైల్' డేటా ఉచితంగా దొరుకుతుంది: ఒక బ్రిటిష్ గిఫ్టుల కంపెనీ అమ్మకాలు, 2010 డిసెంబర్ నుంచి ఏడాదికి పైగా, 5,41,909 వరుసలు. కస్టమర్ నంబరు లేనివి తీసేయాలి. ఇన్‌వాయిస్ నంబరు 'సి'తో మొదలైతే రద్దయిన ఆర్డరు, అదీ పోవాలి. పోస్టేజీ కూడా అందులో వస్తువులాగే ఒక వరుస. దాన్ని తీసేయకపోతే పోస్టేజీ కట్టినవాళ్లంతా ఒకరికొకరు ముడిపడిపోతారు. పైగా కొన్నవాళ్లలో టోకు వ్యాపారులు చాలామంది. దొరికిన గుంపు అభిరుచి గుంపా, లేక పెద్ద ఆర్డర్ల గుంపా అన్నది చూడాలి.

తర్వాత సీడ్ (పద్ధతి యాదృచ్ఛికంగా ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అంకె) మార్చి పదిసార్లు నడపాలి. ప్రతిసారీ మనుషులు గుంపులు మారుతుంటే ఆ గుంపుల్ని నమ్మక్కర్లేదు. ఎవరు ఎన్ని కొన్నారు, ఏది ఎన్ని అమ్ముడైంది అన్న లెక్కలు చెడకుండా కొనుగోళ్లను కలగాపులగం చేసి మళ్లీ నడపాలి. అప్పుడూ అంతే చక్కటి గుంపులొస్తే మొదటి బొమ్మకు విలువ లేదు. ఈ రెండో పరీక్ష వెనకున్న ఆలోచన ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో ఒంటబడుతుంది, ఆరు నెలల్లో కష్టం.

కాబట్టి నా ఓటు ఆంధ్రా యూనివర్సిటీ ఎమ్మెస్సీకే. దానికి రాసే ప్రవేశపరీక్ష పీజీసెట్ సంగతులు మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి. ప్రోగ్రాములు రాసే పైథాన్, డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్ పక్కన నేర్చుకోవచ్చు. ఉద్యోగాలు డేటా అనలిస్ట్ పేరుతో ఉంటాయి, అడిగేదీ ముందు ఎస్‌క్యూఎల్లే. విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా అనకండి. అక్కడి పని ఎక్కువగా సర్వర్లు, కరెంటు, కూలింగ్‌ది.

ప్రాజెక్టు పూర్తయ్యాక కూడా కోర్సే కావాలంటే, ఈ కలగాపులగం పరీక్ష నేర్పుతారా అని మీ అమ్మాయినే అక్కడ అడగనివ్వండి. మీరు పక్కన కూర్చుని ప్లేస్‌మెంట్ల గురించి మొదలెట్టకండి.