కాగితపు లేసు గురించి రాయబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

కాగితం కోసే మిషన్‌తో లేసు కార్డు చేయడం మీద నువ్వు రాసి పంపిన వ్యాసమూ, దానితోపాటు రెండు అట్టముక్కల మధ్య భద్రంగా పెట్టి పంపిన లేసు కార్డూ మొన్న మంగళవారం నాకు చేరాయి. కార్డును ముందు చూశాను, వ్యాసాన్ని తరువాత చదివాను. కార్డు బాగుంది. వ్యాసం ఇంకా కార్డంత బాగా రాలేదు. నీకు భాష రాక కాదు. ఆ కార్డు చేస్తున్నప్పుడు నీ వేళ్లకు తెలిసిన సంగతులు వ్యాసంలోకి దిగలేదు. "డిజైన్‌ను మిషన్‌కు పంపితే క్షణాల్లో అందమైన లేసు కార్డు సిద్ధం" అని నువ్వు రాసిన వాక్యం దగ్గర ఆగి, కార్డును మళ్లీ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను. కుడివైపు కింది మూలలో ఒక పూరేకు తెగిపోతే, గోరు వెడల్పు కూడా లేని కాగితపు ముక్కను వెనక నుంచి అంటించి నిలబెట్టావు. ఆ ముక్క కథ వ్యాసంలో ఎక్కడా లేదు. నీ వ్యాసం చదివి మొదటిసారి మిషన్ ముందు కూర్చోబోయే మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ కథే.

అందుచేత ఈ ఉత్తరంలో రాయడం గురించి విడిగా, కార్డు గురించి విడిగా చెప్పను. చేతిపనుల మీద రాసేవాళ్లకు ఆ రెండూ ఒకటే.

నేను పుట్టి పెరిగింది నర్సాపురం దగ్గర పల్లెలో. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మా వీధి అరుగుల మీద ఆడవాళ్లందరూ కొక్కెం సూదులు పట్టుకుని లేసు అల్లేవారు. అల్లిక లేసులో ఒక సౌకర్యం ఉంది. దారం తనను తాను చుట్టుకుంటూ పోతూనే కన్నాలను పుట్టిస్తుంది కనుక, ఎంత పలచగా అల్లినా ఏ ముక్కా విడిపోయి కింద పడదు. కాగితపు లేసు దీనికి పూర్తిగా తలకిందులు. నిండు కాగితంతో మొదలుపెట్టి, ఉన్నదాన్ని తీసేసుకుంటూ పోతాం. కొత్తవాళ్లు తెర మీద పూలు, ఆకులు, చుక్కలు గీస్తారు, అంటే కన్నాలను గీస్తారు. వాటి మధ్య మిగిలే సన్నని పట్టీలు ఎలా ఉన్నాయో ఎవరూ చూడరు. నా మొదటి పది కార్డులూ నేనూ అలాగే గీశాను. కాగితపు లేసులో దారం అంటే ఆ మిగిలే పట్టీయే. గీయవలసింది దాన్ని.

దీనికి నేను వాడే పరీక్ష చాలా సులువు. తెర మీద మిగిలే భాగానికంతా నల్లరంగు నింపు, పోయే భాగాన్ని తెల్లగా వదిలెయ్యి. ఇప్పుడు కార్డు అంచు మీద వేలు పెట్టి, నలుపు దాటకుండా ప్రతి పూరేకు దాకా, ప్రతి చుక్క దాకా ప్రయాణం చెయ్యి. ఎక్కడికి చేరలేకపోయావో అది రాలిపోతుంది. ఒకే ఒక్క దారిలో చేరగలిగావంటే అది రాలదు గానీ ఊగుతుంది, మ్యాట్ మీద నుంచి, అంటే కోసేటప్పుడు కాగితాన్ని పట్టి ఉంచే జిగురు పలక మీద నుంచి, ఊడదీసేటప్పుడు చిరుగుతుంది. నీ కార్డులో తెగిన రేకు సరిగ్గా ఇలాంటిదే. దానికి పక్క ఆకుతో ఇంకొక ముడి వేసి ఉంటే వెనక అతుకు అవసరమే ఉండేది కాదు. అనంతపురం వైపు తోలుబొమ్మలను ఎప్పుడైనా వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడు. నగలన్నీ కన్నాలే, కానీ ఏ రెండు కన్నాలూ ఒకదానిలోకి ఒకటి తెగిపోవు. ప్రతి దాని చుట్టూ తోలు మిగిలే ఉంటుంది.

ఇక వెడల్పులు. నీ వ్యాసంలో "సన్నని గీతలు మరీ సన్నగా ఉండకూడదు" అని రాశావు. ఎంత సన్నగా అన్నది చెప్పకపోతే ఆ వాక్యం ఉన్నా లేనట్టే. నా అనుభవంలో 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే) కార్డ్‌స్టాక్, అంటే దళసరి కార్డు కాగితం, మీద పట్టీ 1.5 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు. 1 మిల్లీమీటరు దాకా మంచి కాగితం మోస్తుంది. అంతకు దిగువకు వెళితే పది కార్డులలో ఎన్ని బతుకుతాయో ముందుగా చెప్పలేం. కన్నం వైపు కూడా ఒక హద్దు ఉంది. 2 మిల్లీమీటర్ల కన్నా చిన్న చుక్కలు తెగిన చోట కాగితం పీచులేస్తుంది. ఇవి నా మిషన్, నా కాగితం అంకెలు. నీ అంకెలు నువ్వు కోసి చూసి రాయాలి, నావి ఎత్తి రాయవద్దు.

పీచు ఎందుకు లేస్తుందో కూడా పాఠకుడికి చెప్పు, ఎందుకంటే కారణం తెలిసినవాడికి అంకెలు కంఠస్థం చేయవలసిన పని లేదు. సిల్హౌట్ కేమియో అయినా, క్రికట్ అయినా, ఇళ్లలో వాడే ఇలాంటి మిషన్లలో మామూలు బ్లేడు మొన దాని ఇరుసుకు సరిగ్గా నడిమధ్యన ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. ఆఫీసు కుర్చీ కింద తిరిగే చక్రం ఎలా వెనకబడి ఈడ్చుకుంటూ వస్తుందో, ఈ మొన కూడా అలాగే ఈడ్చుకుంటూ వచ్చి, మలుపు వచ్చిన చోట తిరుగుతుంది. పెద్ద వంపులో హాయిగా తిరుగుతుంది. మరీ చిన్న గుండ్రంలో తిరగడానికి చోటు చాలక కాగితాన్ని కోయడం మాని గీరుతుంది. అందుకే లేసుకు వేగం తగ్గించాలి, కొత్త బ్లేడు వాడాలి, మొన కాగితం మందం దాటి మ్యాట్ మీద ఆనీ ఆనని గీత మాత్రమే వేసేలా లోతు పెట్టుకోవాలి. మ్యాట్ మీద లోతైన గాట్లు పడుతున్నాయంటే బ్లేడు అవసరానికి మించి దిగుతోందన్న మాట.

ఇంకొక దోషం తెర మీద కనబడదు, కోసినప్పుడే బయటపడుతుంది. ఎక్కడో దొరికిన బొమ్మను ట్రేస్ చేసి, అంటే దాని అంచులను సాఫ్ట్‌వేర్ చేతనే గీయించి, నేరుగా కోతకు పంపితే, ఒక్క ఆకు అంచు మీదే డెబ్బై ఎనభై నోడ్లు, అంటే గీతను మలిచే చుక్కలు, ఉంటాయి. మనకు నున్నటి వంపుగా కనబడేది మిషన్‌కు గతుకుల బాట. నోడ్లను తగ్గించి, అదే ఆకును ఏడెనిమిదింటితో నిలబెట్టగలిగితే కోత వెన్నలా సాగుతుంది. నేనైతే ట్రేస్ చేయడం ఎప్పుడో మానేశాను. కార్డులో నాలుగో వంతు మాత్రమే చేత్తో గీసి, దాన్ని అద్దంలోలా తిప్పి సగం చేసి, ఆ సగాన్ని తిప్పి పూర్తి చేస్తాను. ముగ్గులో ఒక పాయ కుదిరితే మిగతా మూడు పాయలూ వాటంతటవే వచ్చినట్టు, ఆ నాలుగో వంతు కుదిరితే చాలు. అయితే రెండు సగాలు కలిసే గీత దగ్గర వాటిని తప్పనిసరిగా వెల్డ్ చేయాలి, అంటే రెండింటినీ ఒకే ఆకారంగా కలిపేయాలి. పక్కపక్కన ఆనించి వదిలేస్తే మన కంటికి ఒకటిగానే కనబడతాయి గానీ, మిషన్ మాత్రం మధ్యలో ఉన్న గీతను కూడా కోసి కార్డును రెండు ముక్కలు చేసి పెడుతుంది.

తెలుగు అక్షరాల గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. ఇంగ్లీషు అక్షరాలతో లేసు కార్డు ఎలా చేయాలో చెప్పేవాళ్లు లక్షమంది ఉన్నారు. మన లిపితో వచ్చే చిక్కులు మనమే రాసుకోవాలి. మా అన్నయ్య మనవరాలి ఓణీల వేడుకకు నేను 80 కార్డులు కోశాను. పైన ఒక పట్టీలో "ఆహ్వానం" అన్న మాట కన్నాలుగా రావాలి, వెనక పెట్టిన పసుపు కాగితం అందులోంచి కనబడాలి. తెర మీద ముచ్చటగా ఉంది. మొదటి కార్డును మ్యాట్ మీద నుంచి తీసేసరికి సున్న పొట్ట మ్యాట్ మీదే ఉండిపోయింది. కార్డులో సున్నకు బదులు ఒక గుండ్రటి బొక్క మిగిలింది. ఒక్క కార్డు చూసి ఆగి ఉండవలసింది. తొందరలో ఎనభైనీ వరసగా కోసిపడేశాను. ఆ రాత్రి రెండున్నర దాకా, 4 మిల్లీమీటర్ల బిళ్లలను సూది మొనతో ఒక్కొక్కటే ఎత్తి, జిగురు చుక్క పెట్టి, ఎనభై సున్నలకూ పొట్టలు అతికాను. కొన్ని సున్నలకు పొట్ట కాస్త పక్కకు జరిగి, మెల్లకన్ను వేసి చూస్తున్నట్టు వచ్చింది. పెళ్లివారెవరూ గమనించలేదని మా వదిన ఓదార్చింది. అది ఓణీల వేడుక అని తను కూడా మరిచిపోయేంతగా అలసిపోయాం అందరం.

ఆ రాత్రి తరువాత నేర్చుకున్నది ఇది. అక్షరాన్ని కన్నంగా కోస్తే సున్నకు, లోపల మూసుకుపోయే ప్రతి చుట్టుకూ దాని పొట్టను చుట్టూ ఉన్న కాగితానికి కలిపి ఉంచే రెండు సన్నని వారధులు పెట్టాలి. రెండింటినీ ఏటవాలుగా, ఎదురెదురుగా పెడితే కంటికి అంతగా తగలవు. అక్షరం కాగితంగా మిగిలి చుట్టూ కన్నం కావాలనుకుంటే చిక్కు మరో రకంగా వస్తుంది. ఒత్తు అక్షరానికి ఆనదు, చాలా ఫాంట్లలో కొన్ని అక్షరాల తలకట్టు కూడా ఆనదు. హ్వా కింద ఉన్న వ ఒత్తును మిల్లీమీటరు పైకి జరిపి పై అక్షరంలోకి చొప్పించి వెల్డ్ చేయాలి. తలకట్టును పై అంచు పట్టీకి తగిలించాలి. పైగా మిషన్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పొల్లులుగా మారే ప్రమాదం ఉంది. నేను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, ఆ మాటను అక్కడే గీతలుగా మార్చి, ఆ తరువాతే కోతకు పంపుతాను. ఇంక్‌స్కేప్ ఉచితమే కనుక ఎవరూ వెనుకాడనక్కరలేదు.

నువ్వు వ్యాసాన్ని లేసు కార్డుల చరిత్రతో మొదలుపెట్టి మూడు పేరాలు నడిపావు. అక్కడ చరిత్ర ఎవరికీ అక్కరకు రాదు. దాన్ని వెనకపెట్టే రంగు కాగితం గురించి చెప్పే చోటికి మార్చు, అప్పుడు పని చేస్తుంది. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఊళ్లో ఎస్తర్ హౌలాండ్ అనే ఆవిడ, 1847లో మౌంట్ హోలియోక్ అనే ఆడపిల్లల విద్యాలయంలో చదువు ముగించుకుని, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక వాలెంటైన్ కార్డును చూసి తానూ అలాంటివి చేయగలననుకుంది. తండ్రి స్టేషనరీ వ్యాపారి. సోదరుడు ఆమె చేసిన నమూనాలను వ్యాపార ప్రయాణంలో పట్టుకెళితే, 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలుననుకున్న చోట 5,000 డాలర్లకు పైగా వచ్చాయని చెబుతారు. నీ వ్యాసంలో ఈ అంకెలు ఉన్నాయి, కానీ మనకు పనికివచ్చే సంగతి లేదు. అచ్చులో ఒత్తి తెచ్చిన తెల్ల లేసు కాగితం కింద ఆవిడ చిన్న రంగు కాగితపు ముక్కను పెట్టేది. లేసు కన్నాలు కంటికి కనబడేది అప్పుడే. నీ కార్డుకు వెనక పువ్వుల ప్రింటు ఉన్న కాగితం పెట్టావు. ఆ పువ్వులూ, నీ లేసు పువ్వులూ ఒకదానితో ఒకటి కలహించుకుని రెండూ ఓడిపోయాయి. ఒకే రంగు, గీతలు లేని కాగితం పెట్టు. తెలుపు మీద తెలుపే కావాలంటే మధ్యలో పలచటి ఫోమ్ టేపు పెట్టి లేసును కొంచెం ఎత్తు, నీడే రంగవుతుంది.

మడత గురించి రెండు మాటలు. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న మడత కార్డును విప్పితే 254 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది, అది ఏ4 కాగితంలో నిలువు దిక్కుకే పడుతుంది. చాలా ఏ4 కాగితాల్లో పీచు, అంటే కాగితంలోని నారల వరస, కూడా ఆ దిక్కుకే నడుస్తుంది కనుక మడత పీచుకు అడ్డంగా వచ్చి పగులుతుంది. అందుకని నేను లేసు ముఖాన్ని విడిగా కోసి, పెద్ద షీటులోంచి పీచు చూసుకుని తీసిన మడత కార్డుకు అంటిస్తాను. లేసునే మడవాలని పట్టుబడితే మడతకు రెండు వైపులా 6 మిల్లీమీటర్ల నిండు కాగితం వదులు.

మ్యాట్ మీద నుంచి తీసే ఘట్టాన్ని నువ్వు "నెమ్మదిగా తీయాలి" అని రెండు మాటల్లో దాటేశావు. నా లెక్కలో సగం కార్డులు చిరిగేది అక్కడే. అక్కడ నిదానించు, చేతులు ఏం చేస్తాయో చూపించు. కాగితాన్ని మ్యాట్ మీద నుంచి లాగకూడదు. మొత్తాన్ని బోర్లా తిప్పి, కాగితాన్ని బల్లకు అదిమిపెట్టి, మ్యాట్‌నే వెనక్కి వంచుతూ లేపాలి. అప్పుడు వంగేది మ్యాట్, కాగితం చదునుగా ఉండిపోతుంది. కొత్త మ్యాట్ జిగురు మరీ గట్టిగా పట్టేస్తుంది కనుక లేసు పనికి ముందు దాన్ని శుభ్రమైన నూలు బట్టకు నాలుగైదు సార్లు అద్ది తీయాలి. కోస్తాలో వానాకాలంలో ఇంకో తంటా ఉంది. తేమ పీల్చిన కార్డ్‌స్టాక్ మెత్తబడి, బ్లేడు కింద తెగడానికి బదులు నలుగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో నేను కాగితాన్ని బియ్యం డబ్బా పక్కన, మూత గట్టిగా పట్టే పెట్టెలో దాచుకుంటాను.

జిగురు సంగతి నువ్వు బాగానే రాశావు, దాన్ని ముట్టుకోకు. "అద్భుతం", "మనోహరం", "కనువిందు" అన్న మాటలను మాత్రం కొట్టేసి, కొట్టేసిన ప్రతి చోటా ఒక కొలత గానీ, ఒక రంగు పేరు గానీ, నువ్వు చేసిన ఒక పొరపాటు గానీ పెట్టు. వ్యాసం నిడివి పెరుగుతుందని భయపడకు. చరిత్ర మూడు పేరాలూ ఒకటైతే చోటు దానంతటదే దొరుకుతుంది.

తిరగరాసిన వ్యాసాన్ని వచ్చే నెలాఖరులోగా పంపు. ఈసారి బాగా వచ్చిన కార్డును నీ దగ్గరే ఉంచుకో. మొదటి కోతలో చిరిగిపోయినదాన్ని, అతుకు వేయకుండా, తెగిన చోట పెన్సిలుతో చిన్న సున్న చుట్టి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ వయసు మనిషి