పొదుగువాపుకు నిరుటి చీటీ మందులే మళ్లీ వేయించవచ్చా?

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని మూడు వారాలైంది. వెనుక ఎడమ చన్ను వాచి, పాలలో తెల్లటి తునకలు వస్తున్నాయి. నిరుడు ఇదే గేదెకు పొదుగువాపు వచ్చినప్పుడు డాక్టరు గారు రాసిన చీటీ చూపించి యాంటీబయాటిక్, నొప్పి సూది కొని రెండు రోజులు వేయించాము. వాపు తగ్గిందని ఆపేస్తే నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. అవే మందులు మళ్లీ వేయించవచ్చా? మిగతా మూడు చన్నుల పాలు కేంద్రానికి పోయవచ్చా?
– ఒక పాడి రైతు, తెనాలి ప్రాంతం, గుంటూరు జిల్లా

జవాబు: దయచేసి ఆ చీటీతో మళ్లీ మందులు కొనకండి. అది నిరుటి జబ్బును చూసి రాసినది. పొదుగువాపు పైకి ఒకేలా కనిపించినా, దాన్ని కలిగించే సూక్ష్మజీవులు వేరువేరు. స్టెఫైలోకాకస్ రకం పొదుగు కండలో లోతుగా దాగి, తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. ఈ-కొలై రకంలో పాలు నీళ్లలా మారి, జ్వరం వచ్చి పశువు మేత మానేస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్ కన్నా ముందు సెలైన్ ఎక్కించవలసి రావచ్చు. అందువల్ల ఈసారి మందు మొదలుపెట్టే ముందే పాల నమూనా తీయించండి. చన్నును కడిగి పొడిగా తుడిచి, చనుమొనను స్పిరిట్ దూదితో శుభ్రం చేసి, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, ఆ తర్వాతి పాలను పశువైద్యశాలలో ఇచ్చే శుభ్రమైన సీసాలోకి పట్టి, ఐసు మీద ఉంచి అందజేయాలి. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో గన్నవరం పశువైద్య కళాశాల వంటి చోట పరీక్షించి చెబుతారు. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది కనుక డాక్టరు గారు ఈలోగా చికిత్స మొదలుపెట్టి, అవసరమైతే తర్వాత మందు మారుస్తారు. ఇంతకుముందు వేయించిన మందు పేరు, తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఆయనకు తప్పక చెప్పండి; ఖాళీ సీసాలు ఉంటే పారేయకుండా చూపించండి.

మీరు ఆపేసిన తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెండు రోజుల్లో వాపు తగ్గడానికి చాలా వరకు కారణం నొప్పి సూది. క్రిములు నశించాయనడానికి అది గుర్తు కాదు. సగంలో ఆపితే మందుకు కొంత తట్టుకోగలిగినవి మిగిలిపోయి అవే పెరుగుతాయి, తర్వాత ఆ మందు ఆ పొదుగు మీద పనిచేయకపోవచ్చు. ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ, చెప్పిన వేళకే వేయించాలి.

మోతాదు పశువు బరువును బట్టి ఉంటుంది. కంటి అంచనా తప్పుతుంది కనుక టేపుతో కొలవండి. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని అదే సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని భుజం ఎముక నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో (ఇదీ అంగుళాల్లోనే) గుణించి, 660తో భాగిస్తే ఉజ్జాయింపుగా కిలోల్లో బరువు వస్తుంది. ఛాతీ 75, పొడవు 58 అంగుళాలైతే సుమారు 494 కిలోలు. ఇంత పెద్ద గేదెకు 350 కిలోల లెక్కన మందు పడితే చికిత్స చేసినట్టే ఉంటుంది, జబ్బు మాత్రం పోదు.

నొప్పి సూది విషయంలో ఒక జాగ్రత్త. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో నిషేధించారు. వీటికి బదులు మెలాక్సికామ్ ఉంది, డాక్టరు గారు అదే రాస్తారు. చన్నులోకి ఎక్కించే ట్యూబు రాస్తే, ముందు ఆ చన్నును పూర్తిగా పిండి, మొనను స్పిరిట్‌తో తుడిచి, గొట్టం కొస మాత్రమే లోపలికి పోనివ్వాలి. మొత్తం గుచ్చితే చనురంధ్రం దెబ్బతిని కొత్త క్రిములకు దారి ఏర్పడుతుంది.

ఇక పాల సంగతి. మిగతా మూడు చన్నుల పాలు కూడా పోయకూడదు. సూది మందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ వస్తుంది. ఒక చన్నులో ఎక్కించిన మందు కూడా కొంత ఇతర చన్నులకు చేరుతుంది. చివరి మోతాదు నుంచి ఎన్ని రోజులు పాలు ఆపాలో సీసా మీద, లేదా లోపలి కాగితంలో ఉంటుంది. అది లేని మందులకు పాల విషయంలో 7 రోజులకు తగ్గకూడదని 2012 నుంచి మన ఔషధ నిబంధనల్లో ఉంది. ఈ పాలు తాగినవారికి పెన్సిలిన్ పడకపోతే దద్దుర్లు రావచ్చు, ఒక్కోసారి ఊపిరి అందని ప్రమాదమూ ఉంది. కేంద్రంలో ఇలాంటి పాలు కలిస్తే పెరుగు తోడుకోదు. దూడకూ తాగించకుండా, పశువుల దొడ్డికి దూరంగా గుంట తీసి అందులో పోయండి. ఆ కొద్ది రోజుల ఆదాయం పోవడం కష్టమేనని నాకు తెలుసు, అయినా ఈ విషయంలో మినహాయింపు చెప్పలేను.

గేదె మేత మానినా, జ్వరం వచ్చినా, పాలు నీళ్లలా గానీ రక్తంతో గానీ వచ్చినా, పొదుగు చల్లబడి నీలంగా మారినా నమూనా ఫలితం కోసం ఆగకుండా వెంటనే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.