తాతగారి అంబాసిడర్ ఎవరి పేరున?

ప్రశ్న: మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లె. మా తాతగారు 1969లో కొత్త అంబాసిడర్ కారు కొన్నారు. ఆయన 1995లో, నాయనమ్మ 2009లో, మా నాన్నగారు 2021లో కాలం చేశారు. కారు ఇప్పటికీ తాతగారి పేరునే ఉంది. 1996 నవంబరు తుఫానుకు ఇల్లు కూలినప్పుడు ఆర్‌సీ పుస్తకం పోయింది. 1993 నాటి బీమా కాగితం ఒక్కటే మిగిలింది. నాన్నగారు మధ్యలో పెట్రోలు ఇంజన్ తీయించి డీజిల్ ఇంజన్ వేయించారు. పాతది షెడ్డులోనే ఉంది. ఇంట్లో అమ్మ, నేను, చెల్లెలు. ఇద్దరు మేనత్తల్లో ఒకరు కాకినాడలో, ఒకరు అమెరికాలో ఉంటారు. కారు బాగు చేయించి నా పేరు మీదకు మార్చుకోవాలని ఉంది. తాతగారి సంతకం మనమే పెట్టేస్తే ఫారం 29, 30లతో పని అయిపోతుందనీ, కాదంటే యానాం చిరునామాతో నంబరు తెప్పిస్తాననీ ఒక ఏజెంటు అంటున్నాడు. కట్నాలు ఇచ్చి పెళ్లిళ్లు చేసిన మేనత్తల సంతకాలు కూడా కావాలా?

జవాబు: ముందుగా ఆ ఏజెంటుతో మాటలు ఆపేయండి. ఫారం 29, 30 బతికున్న యజమాని తన బండిని మరొకరికి అమ్మినప్పుడు వాడే కాగితాలు. 1995లో పోయిన మనిషి ఈ ఏడాది వాటి మీద సంతకం చేశాడంటే అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద నేరం. ఏజెంటు తన కమీషన్ తీసుకుని వెళ్లిపోతాడు, దరఖాస్తు మీద ఉండేది మీ పేరు. రేపు మేనత్తల పిల్లల్లో ఎవరో ఒకరు తాతగారి మరణ ధ్రువపత్రం పట్టుకుని అడిగితే, ఆ ఒక్క కాగితంతో మీ రిజిస్ట్రేషన్ కూలిపోతుంది, కేసు మొదలవుతుంది.

యానాం మాట కూడా అలాంటిదే. ఎదుర్లంక వంతెన దాటితే యానామే కాబట్టి మన వైపు చాలామందికి ఆ ఆలోచన వస్తుంది. కానీ అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, మనది ఆంధ్రప్రదేశ్. యజమాని నివాసమో వ్యాపార స్థలమో ఉండి, బండిని మామూలుగా ఉంచే చోటే రిజిస్టరు చేయించాలని మోటారు వాహనాల చట్టం, 1988లోని 40వ సెక్షన్ చెబుతోంది. మీరుండేది ముమ్మిడివరంలో, కారుండేది ముమ్మిడివరంలో. లేని చిరునామా చూపించి తెచ్చుకున్న నంబరు ఎప్పటికీ మీ మెడకు గుదిబండే.

ఇక మీరు చివర అడిగిన ప్రశ్నకే నేను ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. తాతగారు వీలునామా రాయలేదనుకుని చెబుతున్నాను. రాసి ఉంటే, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉంటే, అది రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది. మన గోదావరి జిల్లాల్లో దానికి ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, కూడా తప్పనిసరి కాదు. పెట్టెలన్నీ ఒకసారి వెతకండి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం 1995లోనే ఆ కారు నాలుగు సమాన వాటాలైంది: నాయనమ్మకు, మీ నాన్నగారికి, ఇద్దరు మేనత్తలకు. 2009లో నాయనమ్మ వాటా ముగ్గురు పిల్లలకూ సమానంగా చేరింది. అంటే ఒక్కొక్కరికి మూడో వంతు. 2021లో నాన్నగారి మూడో వంతు మీకు, అమ్మగారికి, చెల్లెలికి తలా ఒక భాగంగా పంచబడింది. ఈ రోజు ఆ కారులో మీ హక్కు తొమ్మిదింట ఒక వంతు. మీ మేనత్తలు ఒక్కొక్కరిది మూడింట ఒక వంతు, అంటే మీకు మూడు రెట్లు.

కట్నం ఇచ్చాం కాబట్టి ఆడపిల్లకు ఇంకేమీ లేదనే మాట నా దగ్గరకు వచ్చే ప్రతి రెండో కుటుంబంలో వింటాను. కొబ్బరితోట విషయంలోనూ అదే, ఇంటి స్థలం విషయంలోనూ అదే, ఇప్పుడు కారు. చట్టంలో అలాంటి మినహాయింపు ఎక్కడా లేదు. కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా 1961 నుంచి నేరం. వారసత్వ వాటాను అది చెరపదు. పైగా ఆ రోజుల్లో ఊళ్లో కారున్న ఇంటి ఆడపిల్లలు బహుశా ఆ కారులోనే అత్తవారింటికి వెళ్లి ఉంటారు. వాళ్లకు కూడా అది తండ్రి వస్తువే. సంతకం కోసం కాగితం పంపే ముందు కాకినాడ వెళ్లి పెద్దావిడ ఎదుట కూర్చుని అడగండి. చాలా ఇళ్లలో అడగనందుకే తగాదా వస్తుంది, అడిగితే కాదు.

వాళ్లు ఒప్పుకుంటే పని తేలిక. కారు చరాస్తి కాబట్టి హక్కు వదులుకునే పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించాల్సిన అవసరం లేదు. స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించిన అఫిడవిట్ చాలు. అందులో కారు నంబరు, చాసిస్ నంబరు, తాతగారితో బంధుత్వం, తన వాటాను మీకు వదులుకుంటున్నాననీ మీ పేరున రిజిస్ట్రేషన్ మార్చడానికి అభ్యంతరం లేదనీ స్పష్టంగా ఉండాలి. అమ్మగారు, చెల్లెలు కూడా ఇలాంటి పత్రాలే ఇవ్వాలి. ఇంట్లోవాళ్లే కదా అని వదిలేయకండి. అమెరికాలోని మేనత్తగారు అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, ఆ రాష్ట్ర అధికారి చేత అపోస్టిల్ ముద్ర (ఒక దేశపు పత్రం అసలైనదేనని మరో దేశం ఒప్పుకునేలా వేసే ముద్ర) వేయించి పంపితే ఇక్కడ చెల్లుతుంది. భారత్, అమెరికా రెండూ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలే. ఆ కాగితం రావడానికి సమయం పడుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు దాన్ని మొదలుపెట్టండి. ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ల వాటా విలువ కట్టి ఇవ్వడమో, పంపకానికి సివిల్ కోర్టుకు వెళ్లడమో తప్ప దొడ్డిదారి లేదు.

కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా చెబితే కంగారుపడకండి. భారత వారసత్వ చట్టం, 1925 కింద ఇచ్చే ఆ పత్రం రావలసిన బాకీలకు, షేర్లు, బాండ్ల వంటి వాటికి సంబంధించింది. కారు ఆ కోవలోకి రాదు. మీకు కావలసింది తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అదీ రెండు: తాతగారి కుటుంబానికి ఒకటి, నాన్నగారి కుటుంబానికి ఒకటి. మరణ ధ్రువపత్రాలు మూడు కావాలి. తాతగారి మరణం 1995లో పంచాయతీలో నమోదు కాకపోయి ఉంటే, నమోదు లేదన్న పత్రం అక్కడ తీసుకుని ఆలస్య నమోదుకు దరఖాస్తు చేయండి. ఏడాది దాటిన మరణానికి ఇదివరకు మెజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చేది; 2023 సవరణ తర్వాత ఆ అధికారం కలెక్టరుకు, ఆర్డీఓ స్థాయి అధికారులకు వచ్చింది.

పోయిన ఆర్‌సీ సంగతి. 1969లో మీ కారు బహుశా జిల్లా కేంద్రమైన కాకినాడలోనే రిజిస్టరై ఉంటుంది. తాతగారు కారును పంటు మీద గోదావరి దాటించి తీసుకెళ్లి ఉంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మీరు కోనసీమ జిల్లాలోకి వచ్చినా, పాత చేతిరాత రిజిస్టరు ఎక్కడ తెరిచారో ముందు అక్కడే వెతకాలి. నంబరు ప్లేటు మీది అంకె, 1993 బీమా కాగితంలోని చాసిస్, ఇంజన్ నంబర్లు రాసి, బి రిజిస్టరు (రవాణా కార్యాలయంలో బండ్ల వివరాలు రాసి ఉంచే పుస్తకం) నకలు ఇమ్మని దరఖాస్తు పెట్టండి. నోటిమాటతో పాత రికార్డులు లేవంటే తిరిగి రాకండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అదే ప్రశ్న రాతపూర్వకంగా వేయండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు ఉంది. రాతపూర్వకంగా అడిగాక అటక మీది రిజిస్టర్లు కిందికి దిగడం నేను చాలాసార్లు చూశాను. నకలు చేతికొచ్చాక, పుస్తకం పోయిందని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దొరకలేదన్న పత్రం తీసుకుని, డూప్లికేట్ ఆర్‌సీకి ఫారం 26 పెట్టాలి. పాత వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించమని కూడా అదే దరఖాస్తులో కోరండి. ఆ పని కాకుండా తర్వాతి అడుగు ఏదీ పడదు.

యజమాని మరణించినప్పుడు పేరు మార్పుకు వాడేది ఫారం 31. నిబంధనల ప్రకారం ముప్పై రోజుల్లో మరణ వార్త తెలియజేయాలి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలి. మీకు ముప్పై ఏళ్లు దాటిపోయింది. దానివల్ల హక్కు పోదు, అపరాధ రుసుము పడుతుంది, అంతే. చట్టంలోని 50వ సెక్షన్ మరణించిన యజమాని తర్వాత వాహనం ఎవరి స్వాధీనంలోకి వచ్చిందో వారు దరఖాస్తు చేయాలని చెబుతోంది. కాబట్టి మిగిలిన వారసులందరి అఫిడవిట్లు ఉంటే తాతగారి పేరు నుంచి నేరుగా మీ పేరుకు అడగవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆర్‌సీ మీద పేరు మారినంత మాత్రాన మేనత్తల వాటా మాయం కాదు. ఉన్న హక్కును నమోదు చేయడమే రవాణా శాఖ పని. అందుకే పైన అఫిడవిట్ల గురించి అంత చెప్పాను.

ఇంజన్ మార్పు మీ విషయంలో పెద్ద చిక్కు. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా, అనుమతి లేకుండా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ అంటోంది. ఆ కాలంలో డీజిల్ చవక అని అంబాసిడర్లకు అలా ఇంజన్లు మార్పించినవాళ్లు ఎందరో, రిజిస్టరులో రాయించినవాళ్లు కొందరే. తనిఖీకి వచ్చిన వాహన ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తగానే నంబరు తేడా కనబడుతుంది. పాత పెట్రోలు ఇంజన్‌ను అమ్మేయకుండా దాచడం మీ నాన్నగారు చేసిన గొప్ప మేలు. ఖర్చయినా సరే, దాన్నే బాగు చేయించి తిరిగి ఎక్కించండి.

అలా చెప్పడానికి మరో కారణం ఉంది. 2021 జూలై 15న కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, సొంత వాడకానికి ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండి ఆ కోవలోకి వస్తుంది. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, ఆ తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000. కొత్తగా నమోదయ్యేవాటికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు, మీ కారులాగా ఇదివరకే రిజిస్టరైనవి పాత నంబరునే ఉంచుకోవచ్చు. కానీ వింటేజ్ కారును రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. అమ్మగారిని అంతర్వేది తీర్థానికి, అమలాపురం ఆసుపత్రికి అందులో తీసుకెళ్లాలని మీకుంటే ఈ దారి వద్దు. మామూలు రిజిస్ట్రేషన్‌ను ఫారం 25తో ఐదేళ్లకోసారి పొడిగించుకోండి. పదిహేనేళ్లు దాటిన కారు తుక్కుకే పోవాలన్న భయం పెట్టుకోకండి. వయసును బట్టి కార్లను ఆపే నిషేధం ఢిల్లీ పరిసరాలకు సంబంధించింది. ఇక్కడ తనిఖీలో నెగ్గితే పొడిగింపు వస్తుంది, గ్రీన్ ట్యాక్స్ మాత్రం కట్టాలి.

ఇవన్నీ పూర్తయ్యేదాకా కారును రోడ్డు మీదకు తీయకండి, ఊరి చివరి పెట్రోలు బంకుదాకా అయినా సరే. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ రిజిస్టరులో ఉన్నది కాలం చేసిన మనిషి పేరు. బీమా లేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం దావా మీ కుటుంబం మీదకే వస్తుంది. తనిఖీకి, మెకానిక్ దగ్గరకు లారీ మీద ఎక్కించి పంపండి.

ఇంకొక పని ఈ వారమే చేయండి. మన గాలిలో ఉప్పు ఉంది, తడి ఉంది. చాసిస్ నంబరు ఉన్న చోట తుప్పు అంకెలను తినేస్తుంది. టింకరింగ్‌వాళ్లు గ్రైండరు పెట్టకముందే, పెయింటు పడకముందే ఆ చోటును కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిచి, కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి, ఫొటో కూడా తీయండి. పాత ఇంజన్ నంబరుకూ అలాగే చేయండి. ఆ రెండు అచ్చులు, 1993 బీమా కాగితం, మీ కుటుంబ వృక్షం పట్టుకుని వస్తే అఫిడవిట్ల ముసాయిదా నేను రాసిస్తాను.