పాఠకుల ప్రశ్నలు: రన్‌వే మీది వాన తాగే ఊరు

ప్రశ్న: మా అమ్మాయి హోనొలులులో చదువుతోంది. జనవరిలో నేనూ మావారూ చూడడానికి వెళ్తున్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో దీవిలో ఆగుతూ గువాం చేరే విమానం ఎక్కమని, దారిలో మజురో అనే ఊళ్ళో దిగి చూడమని పట్టుబడుతోంది. పటంలో వెతికితే చుక్క కూడా సరిగా కనిపించలేదు. నాకు అరవై రెండేళ్ళు, పైగా శాకాహారిని. అంత దూరంలో దిగి చూడడానికి ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఉందమ్మా. పసిఫిక్ మధ్యలో ఉన్న మార్షల్ దీవులనే దేశానికి మజురో రాజధాని. దిగండి. అయితే ముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. విమానం అక్కడ ఆగినంతసేపూ కూర్చుని అందులోనే ముందుకు వెళ్ళడమా, లేక దిగిపోయి తర్వాతి విమానం పట్టుకోవడమా? మొదటిదైతే మీకు దొరికేది గంటో, అంతకన్నా తక్కువో. ఒక గదిలో నిలబడి కొబ్బరి చెట్లు చూసి మళ్ళీ ఎక్కుతారు. ఆ విమానం రోజూ ఉండదు కనుక, రెండోదైతే మీరు రెండు మూడు రోజులు అక్కడి మనుషులే. ఈ రెండింటికీ మధ్య రకం లేదు.

నేను ఓడల్లో ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు తిరిగాను. మజురోలో అడుగు పెట్టింది ఒక్కసారే, అదీ కోరుకుని కాదు. ట్యూనా చేపను, మన రేవులో సూర అంటారే, దాన్ని గడ్డకట్టించి మోసే ఓడ అది. పసిఫిక్‌లో పట్టిన సూర చేపను వేట పడవల నుంచి పెద్ద ఓడలకు మార్చే పని మజురో నేల చుట్టి ఉన్న సముద్రపు మడుగులో పెద్ద ఎత్తున జరుగుతుంది. కాంట్రాక్టు ముగిసి నేను అక్కడే ఓడ దిగాను. నన్ను విమానం ఎక్కించవలసిన ఏజెంటు తేదీ ఒక రోజు తప్పుగా రాసుకున్నాడు. పెట్టెతో వెళ్ళేసరికి విమానం నిన్ననే వెళ్ళిపోయిందన్నారు.

ఆ తేదీ తంటా మీకూ ఉంటుంది. హోనొలులుకీ మజురోకీ మధ్య తేదీ మారే దినరేఖ ఉంది. ప్రయాణం అయిదు గంటలే, కాని సోమవారం పొద్దున ఎక్కితే మంగళవారం పొద్దున దిగుతారు. హోటలు గది మంగళవారానికి తీసుకోవాలి. మీవారు శనివారం ఉపవాసం ఉండేవారైతే శుక్రవారం విమానం ఎక్కనివ్వకండి, నాలుగు ఇడ్లీలు తినేలోపే శనివారం వచ్చేస్తుంది. ఇంటికి ఫోను చేసేటప్పుడు మజురో మనకన్నా ఆరున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకోండి.

వీసా సంగతి తేలికగా తీసుకోవద్దు. హోనొలులు నుంచి మజురో వెళ్ళడమంటే అమెరికా దాటడమే. అక్కడి నుంచి గువాం వెళ్తే మళ్ళీ అమెరికాలో అడుగు పెట్టినట్టు. మీ అమెరికా వీసా ఒకసారికి మించి ప్రవేశించడానికి పనికొచ్చేదై ఉండాలి. మార్షల్ దీవుల ప్రవేశానుమతి గురించి టికెట్టు కొనకముందే విమాన సంస్థను అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

ఇక ఊరు. ఊరంటే మనకు అలవాటైన ఊరు కాదు. సముద్రంలో పగడపు దిబ్బ వలయంలా పైకి తేలింది. దాని మీద సన్నటి నేల, అరవైకి పైగా ముక్కలు. నేలంతా కలిపినా పది చదరపు కిలోమీటర్లు లేదు, వలయం లోపలి మడుగు మాత్రం మూడు వందల దాకా ఉంటుంది. ఆ నేల మీద ఉన్నది ఒకటే రోడ్డు. ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వెళ్ళి తిరిగి వస్తే ఎంతో, ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు అంత. మన రోడ్డుకు ఒక పక్కే సముద్రం, రెండో పక్క కొండలున్నాయి. అక్కడ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్తుంటే ఎడమ చేతికి మడుగు, కుడి చేతికి మహాసముద్రం. కొన్ని చోట్ల కారు అద్దాల్లోంచి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఒక వంతెన అని అక్కడివాళ్ళే నవ్వుతూ చెబుతారు. నేను నడిచి ఎక్కాను. ఆయాసం కూడా రాలేదు.

విమానం దిగగానే రన్‌వేను బాగా చూడండి. నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చింది అదే. ఏరు లేదు, కొండ లేదు, చెరువు కట్టే చోటు లేదు. అందుకని రన్‌వే మీద కురిసిన వానను కాలువల్లోకి మళ్ళించి, పక్కనే తొట్టెల్లో నిలవ చేసి, శుద్ధి చేసి ఊరికి పంపుతారు. మేఘాద్రిగెడ్డ జలాశయం నిండిందా లేదా అని పేపరు చూసే మనలాంటివాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు తక్కువ, మీరు వెళ్ళేది సరిగ్గా అప్పుడే. హోటల్లో బకెట్టు నిండా నీళ్ళు ఒలకబోయకండి.

తిరగడానికి టాక్సీ చాలు. మన మద్దిలపాలెం షేర్ ఆటోలాగే దారిలో చేయెత్తినవాళ్ళందరినీ ఎక్కించుకుంటూ పోతుంది. ఎవరి పక్కన కూర్చున్నా ‘యాక్వే’ అనండి, అది వాళ్ళ నమస్కారం. ‘కొమ్మోల్ టాటా’ అంటే చాలా సంతోషం, ధన్యవాదాలు అని. నేను మొదటిసారి విని, వెళ్ళిపొమ్మంటున్నారేమో అనుకుని లేచాను. డబ్బు అమెరికా డాలరే, వాళ్ళకు వేరే నాణెం లేదు.

మొదటి రోజు ఉలీగాలోని అలెలె మ్యూజియం తెరిచి ఉంటే చూడండి. పూర్వం ఆ దీవులవాళ్ళు అలలను చదివి పడవ నడిపేవారు. పెద్ద అల దీవిని తాకి ఎలా వంగుతుందో, రెండు వైపుల నుంచి వచ్చిన అలలు ఎక్కడ కలుస్తాయో కొబ్బరి ఈనెలు కట్టి చూపించారు. మన చీపురు ఈనెలే అనుకోండి. వంకర ఈనె వంగిన అల, గవ్వ ఒక దీవి. పడవలోకి తీసుకుపోయే పటం కాదది. ఒడ్డునే నేర్చుకుని తలలో పెట్టుకుని బయలుదేరేవారు. రాడార్ ముందు పెరిగినవాణ్ణి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇలాంటివి చిన్నవి చేసి అమ్ముతారు, ఒకటి కొనుక్కోండి. మొగలి ఆకులతో ఆడవాళ్ళు అల్లే బుట్టలు, చాపలు కూడా చూడండి. మనం మొగలి పువ్వును వాసన చూసి వదిలేస్తాం, వాళ్ళు మొగలి పండు తింటారు కూడా.

రెండో రోజు పడమటి కొసన ఉన్న లారాకు వెళ్ళండి. మంచి ఇసుక అక్కడే. 1918లో వచ్చిన తుఫానుకు గుర్తుగా జపాను కాలంలో పెట్టిన స్మారకం ఒకటి ఉంది, అప్పుడు ఆ దీవులు వాళ్ళ చేతిలో ఉండేవి. హుద్‌హుద్ తుఫాను రోజున మనం మేడ మీద గదుల్లో తలుపులు వేసుకుని కూర్చున్నాం. అక్కడ పారిపోవడానికి ఎత్తు ఏదని చుట్టూ చూశాను. కొబ్బరి చెట్టే కనిపించింది.

తిండి గురించి దాచను, కష్టమే. అన్నం అన్ని చోట్లా దొరుకుతుంది, పక్కన మాత్రం చేపో కోడో ఉంటుంది. సీమపనస కాల్చింది దొరికితే వదలకండి, మన కందను తలపిస్తుంది. కందిపొడి, వేయించిన అటుకులు పెట్టుకోండి. దిగేటప్పుడు ఇచ్చే కాగితంలో తినుబండారాలు ఉన్నాయని రాయండి. పళ్ళు, విత్తనాలు, కరివేపాకు మాత్రం వద్దు. ఆదివారం ఊరంతా చర్చిలో ఉంటుంది, దుకాణాల మీద ఆశ పెట్టుకోకండి. చీరతో తిరగవచ్చు, ఒంటినిండా బట్ట అక్కడ మర్యాదే.

గువాం దారిలో క్వాజలీన్ అనే చోట విమానం మళ్ళీ ఆగుతుంది. అది అమెరికా సైనిక స్థావరం. అనుమతి ఉన్నవాళ్ళే దిగుతారు. కిటికీలోంచి ఫోటోలు తీయవద్దని చెబుతారు, మీవారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: తాతగారూ, మా ఇల్లు పాతనగరంలో ఉంది. హార్బరులోకి వచ్చే ఓడల వెనక తరచూ ‘మజురో’ అని రాసి ఉంటోంది. అన్ని ఓడలూ ఆ ఊరివేనా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: కాదు బాబూ. ఓడకు పేరుతో పాటు, అది నమోదైన రేవు పేరు కూడా వెనక రాయాలని నియమం. మార్షల్ దీవుల జెండా కింద నమోదైన ఓడలకు ఆ రేవు మజురో. యజమాని గ్రీసులో ఉండవచ్చు, మనుషులు మన గాజువాక నుంచి ఎక్కవచ్చు. ఆ నమోదు వ్యవహారం నడిపే కార్యాలయం అమెరికాలో వర్జీనియాలోని రెస్టన్‌లో ఉంది. ఫీజులు, పన్నులు, సిబ్బంది నియమాలు చూసుకుని యజమానులు జెండా ఎంచుకుంటారు. లైబీరియా, పనామా, మార్షల్ దీవులు, ప్రపంచంలో పెద్ద నమోదులు ఈ మూడే. ఆ పేరు రాసుకున్న ఓడల్లో నేను మూడింటిలో పని చేశాను, ఒక్కటీ మజురో ముఖం చూడలేదు. తీరా నేను వెళ్ళినప్పుడు మడుగులో నిలిచిన పడవల మీద వేరే ఊళ్ళ పేర్లే చదివాను.

సాయంత్రం కోస్టల్ బ్యాటరీ వైపు వెళ్ళి చూడు. లోపలికి వచ్చే ఓడకు ముందు ముక్కే కనిపిస్తుంది, ఊరి పేరు చదవాలంటే అది నిన్ను దాటేదాకా ఆగాలి. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే పట్టుకుపో.