షడ్జం కదిలే చోట

చి. అమ్మడుకు,
మామయ్య ఆశీస్సులు.

వియన్నాలో కచేరీకి టికెట్ దొరికిందనీ, హైడన్ అనే పాశ్చాత్య స్వరకర్త 104వ సింఫనీ (నాలుగు భాగాల వాద్యబృంద రచన) వాయిస్తారనీ రాశావు. రాగం తెలీకుండా అరగంట ఎలా కూర్చోవాలని నీ దిగులు. నేనూ అక్కడే తప్పు చేశాను. క్యాసెట్ల కాలంలో ఆయన్ని పెట్టుకుని, పక్కన శ్రుతిపెట్టె మోగిస్తూ రాగం పట్టుకుందామని చూశాను. కాసేపటికే అంతా అపశ్రుతి. తీరా చూస్తే కట్టెయ్యాల్సింది ఆ పెట్టెనే.

మన షడ్జం, అదే ఆధారస్వరం స, గుడిలో ధ్వజస్తంభం. హైడన్ షడ్జానికి కాళ్లుంటాయి.

ఇది 1795లో లండన్‌లో మొదటిసారి వాయించిన సింఫనీ. ఆయనకప్పుడు 63 ఏళ్లు, రాసిన సింఫనీల్లో ఇదే చివరిది. దాదాపు ముప్పై ఏళ్లు ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో నౌకరు దుస్తులు తొడుక్కుని పనిచేసిన మనిషి, నిమ్మళంగా రాసుకున్నాడనిపిస్తుంది.

ఎత్తుకోవడమే వాద్యాలన్నీ కలిసి స, ప మాత్రం గట్టిగా పలుకుతాయి. మధ్యలోని గ, అదే గాంధారం, ఉండదు. ఆపైన కాసేపు విలంబంగా, బరువుగా నడిచి, వయొలిన్లు మెల్లగా ఓ చిన్న పాట అందుకుంటాయి. మన శంకరాభరణం రాగం స్వరాలే. ఆ పాటని నీ వయొలిన్ మీద నాలుగు రోజులు వాయించుకుని మరీ వెళ్లు. నిజానికి నా సలహా ఇదొక్కటే.

ఎందుకంటే, ఇంకాస్త ముందుకెళ్లాక శుద్ధ మధ్యమం (కింది మ) ఉండాల్సిన చోట ప్రతి మధ్యమం (పై మ) తగులుతుంది. రాగం మారి కల్యాణి అయిందనుకుంటావు. కాదు, పంచమమే (ప) షడ్జమై కూర్చుంది. మనవాళ్లు గ్రహభేదం చేస్తే, అంటే వేరే స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే, చూపించి వెంటనే ఇంటికొచ్చేస్తారు. ఈయన అక్కడే కాపురం పెడతాడు, పెట్టి అదే పాటను మళ్లీ ఎత్తుకుంటాడు! మోజార్ట్ అయితే ఆ చోట తరచూ కొత్త పాట తెస్తాడు. హైడన్ బండిచక్రాలు చేసే ఇంట పుట్టినవాడు, చెక్క వృథా చెయ్యడు. తర్వాత ఆ పాటలోంచే, ఒకే స్వరాన్ని వరసగా తట్టే ముక్కనొకదాన్ని విరిచి నానా ఊళ్లూ తిప్పుతాడు. పాట కంఠతా వస్తేనే ఆ అల్లరి తెలుస్తుంది. ఈ మొదటి భాగంలో మొదటి సగాన్ని రెండుసార్లు వాయిస్తే దారి తప్పానని కంగారు పడకు, అది రివాజే.

రెండు, మూడు భాగాలు ఊరికే విను. తొడ మీద తాళం వెయ్యకు, భేష్ అనకు. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కూడా ఇప్పుడు కూడదట. హైడన్ నాటి లండన్ జనం మధ్యలోనే చప్పట్లు కొట్టి, నచ్చిన భాగాన్ని మళ్లీ వాయించమనేవాళ్లు. మర్యాదలన్నీ తర్వాత వచ్చాయి.

నాలుగో భాగానికి మాత్రం చెవులు నిక్కించు. కొమ్ము వాద్యాలూ, చెల్లోలనే పెద్ద వయొలిన్లూ షడ్జం పట్టుకుని వదలవు. దానిమీద పల్లెపాటలాంటిదొకటి గెంతుతూ వస్తుంది. నేను కట్టేసిన శ్రుతిపెట్టెని ఆయనే మోగించాడు.

ఇట్లు,
మీ మామయ్య